కలయిక వెనుక కారణాలను కొలవడం: మూడో పాఠం – చీటీ మీది మాటను వాక్యం చేయడం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారనే అనుకుంటున్నాను. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లలో, మీతో కాస్త మనసు విప్పి మాట్లాడేవాళ్లను ఎంచుకొని, "జంటలు ఏయే కారణాలతో దగ్గరవుతుంటాయి?" అని అడగమన్నాను. వాళ్ల సొంత సంగతి వద్దు, లోకం మాటగా చెప్పిస్తే చాలన్నాను. ఒక్కో కారణం ఒక్కో చీటీ మీద, వాళ్లు అన్నది అన్నట్టే రాయాలి. ఆ చీటీలు ముందు పరుచుకోండి. ఈ పాఠమంతా వాటితోనే.

కొత్తగా చేరినవాళ్లకు రెండు ముక్కలు. కలయిక అంటే ఇక్కడ జంటల శారీరక కలయిక. ఏ కారణంతో కలుస్తారన్నది కొలిచే ప్రశ్నావళిని మనమే తయారు చేసుకోవడం ఈ పాఠాల పని. ఎవరు ఎంతమందితో, ఎన్నిసార్లు అన్నది మన లెక్క కాదు. దాన్ని లెక్కపెట్టేవాళ్లు వేరే ఉన్నారు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15–49 ఏళ్ల ఆడవాళ్లనూ 15–54 ఏళ్ల మగవాళ్లనూ ఇలాంటివి చాలానే అడిగింది: మొదటి కలయిక ఏ వయసులో, ఆఖరిసారి కండోమ్ వాడారా లేదా. అలసిపోయినప్పుడో, మనసు లేనప్పుడో భార్య కాదంటే సబబేనా అని కూడా అడిగింది. అయితే సరేనన్న రోజు ఆమె ఏమనుకొని సరేనన్నదో ఆ ఫారంలో ఎక్కడా రాదు. మనకు కావాల్సింది అదే.

కారణం తెలిస్తే ఒరిగేదేమిటని కొందరికి అనిపించవచ్చు. ఈతవనంలో ఇద్దరు చెరొక సీసా కల్లు తాగుతారు. ఒకాయన దోస్తులతో ముచ్చట్ల కోసం తాగుతాడు. ఇంకొకాయన అప్పులోళ్ల ముఖాలు మర్చిపోవడానికి ఒక్కడే కూచొని తాగుతాడు. సీసాల లెక్కలో ఇద్దరూ సమానమే, ఏడాది తిరిగేసరికి ఇద్దరి సంసారాలు మాత్రం ఒక్కలా ఉండవు. మన కొలత పుట్టింది కూడా ఈ దారినే. లిన్ కూపర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ముందు తాగుడు వెనుక కారణాలను కొలిచింది. 1994లో ఆమె అచ్చువేసిన ప్రశ్నావళిలో 20 వాక్యాలు, నాలుగు కారణాలు: హుషారు కోసం, బాధ మరుపు కోసం, నలుగురిలో సరదా కోసం, గుంపులో వేరుపడకుండా ఉండటం కోసం. అదే చూపుతో 1998లో షపీరో, పవర్స్ అనే మరో ఇద్దరితో కలిసి కలయిక వెనుక కారణాలకు 29 వాక్యాల కొలత తయారు చేసింది. అందులో తేలినవి ఆరు: దగ్గరితనం, ఆనందం, తన మీద తనకు నమ్మకం, బాధ మరుపు, తోటివాళ్ల మెప్పు, భాగస్వామి మెప్పు.

ఆరింటినీ గోడకు రాసి పెట్టుకోండి కానీ మీ చీటీలను వాటిలో కుక్కకండి. ముందు పంచుకోవడం, తర్వాతే పేర్లు.

పంచడం

ఒక్కో చీటీని రెండు ప్రశ్నలు అడగాలి. ఏదో మంచి దొరకాలని చేసే పనా, ఏదో చెడు తప్పాలని చేసే పనా? ఇది మొదటిది. ఆ మంచీ చెడూ తన లోపలి సంగతా, ఎదుటివాళ్లతో ముడిపడ్డదా? ఇది రెండోది. నేల మీద సుద్దతో ఒక కూడిక గుర్తు గీస్తే నాలుగు గదులవుతాయి. "ఒంటికి హాయిగ ఉంటది" అన్నది తన లోపలిది, మంచి కోసం. "రంది మర్చిపోవచ్చు" తన లోపలిదే, కానీ చెడు తప్పడానికి. "ఇద్దరి నడుమ ప్రేమ గట్టిపడుతది" ఎదుటివాళ్లతో ముడిపడ్డ మంచి. "వద్దంటే మూతి ముడుస్తడు, రెండు రోజులు మాట్లాడడు" అన్నది నాలుగో గది.

చీటీలు ఎక్కువయ్యాయని భయపడకండి. టెక్సస్ విశ్వవిద్యాలయంలో సిండీ మెస్టన్, డేవిడ్ బస్ ఇదే పనిని 2007లో అచ్చువేశారు. 444 మందిని అడిగితే 715 కారణాలు వచ్చాయి. ఒకే మాటను నాలుగు రకాలుగా చెప్పినవాటిని కలిపేస్తే 237 మిగిలాయి. దేవుడికి దగ్గరవ్వాలనీ, తలనొప్పి తగ్గాలనీ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. తర్వాత వాటిని 1549 మంది విద్యార్థుల ముందు పెట్టి నాలుగు పెద్ద గుంపులు చేశారు, వాటిలో 13 చిన్న గుంపులు. ఆడవాళ్లు ప్రేమకు, మగవాళ్లు ఒంటికి అని మనం తేలిగ్గా అనేస్తాం. వాళ్ల లెక్కలో ఇద్దరి మొదటి 25 కారణాల్లో 20 ఒకటే.

ఇక మన దగ్గర తప్పకుండా పెద్దదయ్యే కుప్ప పిల్లలది. కూపర్ ఆరింటిలో దానికి చోటే లేదు. ఆమె అడిగింది కౌమారం, కొత్త యవ్వనంలో ఉన్న అమెరికా పిల్లలను. ఆ వయసులో అక్కడ గర్భం అంటే భయపడే సంగతి గానీ కోరుకునే సంగతి కాదు. 1996లో హిల్, ప్రెస్టన్ అనే ఇద్దరు చేసిన "అమోర్" అనే కొలతలో ఎనిమిది కారణాలుంటాయి, వాటిలో సంతానం ఒకటి. కాబట్టి అక్కడినుంచి ఒక వరుస తెచ్చి అతికిస్తే సరిపోతుందనిపిస్తుంది.

సరిపోదు. ఆ కుప్పను మళ్లీ విప్పి చూడండి. "చిన్నపాపను ఎత్తుకోవాలని నాకే ఆశ" అన్న చీటీ ఒకటుంటుంది. "బతుకమ్మకాడికి పోతే ఇంకా విశేషం లేదా అనే అడుగుతరు, ఆ మాట పడలేక" అన్న చీటీ ఇంకొకటుంటుంది. రెండింటిలోనూ బిడ్డ ఉంది. సుద్ద గీతల మీద పెడితే మాత్రం ఒకటి తూర్పు, ఒకటి పడమర. మొదటిది మంచి కోసం, రెండోది మాట తప్పించుకోవడానికి. ఈ రెండింటినీ "సంతానం" అనే ఒకే పేరు కింద కలిపి మార్కులు వేస్తే, బిడ్డ కోసం ముచ్చటపడే ఆమెకూ అత్తగారింట్లో తల ఎత్తుకోలేక నలిగే ఆమెకూ ఒకటే అంకె వస్తుంది. అంత శ్రమపడి ఆ అంకె తెచ్చి చేసేదేమీ లేదు.

మూడో రకం చీటీ కూడా కనిపించవచ్చు. హన్మకొండలో సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు చూస్తూనే ఉన్నాం. చికిత్సలో ఉన్న జంటకు డాక్టరు ఫలానా తారీఖుల్లో కలవమని చెబుతారు. ఆ రాత్రి కలయిక వెనుక ఉన్నది ఆశా, భయమా, మందుల చీటీయా? నా అభిప్రాయం అడిగితే ఇలాంటివాళ్లను మొదటి విడతలో వేరుగా గుర్తుపెట్టుకోవాలి, మిగతావాళ్లతో కలపకూడదు.

తోటివాళ్ల మెప్పుకూ ఇలాంటి చిక్కే ఉంది. కాజీపేట, హన్మకొండ హాస్టళ్లలో ఉండే కుర్రాళ్లకు "దోస్తుల ముంగట తక్కువ కావద్దని" అన్న వాక్యం అచ్చంగా అతుకుతుంది. పరకాల పక్క పల్లెలో పెళ్లయి నాలుగేళ్లయిన ఆమెకు ఆ వాక్యం ఇస్తే నవ్వి పక్కన పెడుతుంది. ఆమె మీద కన్నేసి ఉండేది దోస్తులు కాదు: అత్త, ఆడబిడ్డ, తోడికోడలు, వాకిలి ముందు కూచునే పక్కింటి పెద్దమ్మ. గదిని తీసేయకండి. అందులో మనుషులను మార్చండి.

వాక్యం

ఇప్పుడు ఒక చీటీని చేతికి తీసుకుందాం. ఇలాంటిది మీ దగ్గర కూడా ఉండి ఉంటుంది:

"ఎనుమాముల మార్కెట్ల పత్తి రేటు పడిపోతది, ఇంట్ల కొట్లాట. రాత్రి దగ్గరైతే మనసు నిమ్మళమైతది, మళ్ల ప్రేమ పుడుతది."

చీటీగా బంగారం, ప్రశ్నగా పనికిరాదు. దీన్ని యథాతథంగా కాగితం మీద పెట్టి ఎంత తరచుగా అని అడిగితే, జవాబిచ్చేవాళ్లు దేనికి జవాబివ్వాలి? పత్తి అమ్మని నర్సమ్మకు సగం వాక్యం వర్తించదు. కొట్లాట లేని ఇంట్లో మరో సగం వర్తించదు. మనసు నిమ్మళమయ్యింది కానీ ప్రేమ పుట్టలేదనుకునేవాళ్లు ఏ అంకె వేస్తారు?

మొదట సందర్భాన్ని తీసేయండి. పత్తి, కొట్లాట పోయాయి. మిగిలింది "మనసు నిమ్మళం కావాలని, ప్రేమ పుట్టాలని." ఇవి రెండు వేర్వేరు గదులవి. ప్రేమను దగ్గరితనం కుప్పకు పంపండి. మిగిలింది "మనసు నిమ్మళం కావాలని." ఇది ఇంకా బాధ మరుపు వాక్యం కాలేదు. హాయిగా ఉన్నవాళ్లు కూడా మనసు నిమ్మళం కోరుకుంటారు, అప్పుడది ఆనందం గదిలోకి జారుతుంది. బాధ ముందే ఉందని వాక్యం చెప్పాలి. అందుకని: "మనసుల ఉన్న రంది కాసేపు మర్చిపోవాలని." నాలుగైదు మాటల్లో ఒక్క సంగతి. చదువు రానామెకు చదివి వినిపించినా అర్థమవుతుంది, డిగ్రీ లెక్చరర్‌కూ ఎబ్బెట్టుగా ఉండదు.

ఒక్కో కారణానికి ఇలాంటివి నాలుగు రాయాలి. ఒకే వాక్యాన్ని నాలుగు చొక్కాలు తొడిగి నిలబెట్టకండి. రంది మర్చిపోవడం ఒకటి, ఒంటరితనం పోవడం ఒకటి, కోపం చల్లారడం ఒకటి, పనిలో పడ్డ చిరాకు దిగిపోవడం ఒకటి. నాలుగూ ఒక్క గదిలోవే, సంగతులు వేరు.

మర్యాద మాటలు వచ్చి చేరకుండా చూసుకోండి. "మంచి భార్యగా నా ధర్మం కాబట్టి" అని రాస్తే ఎవరూ కాదనరు. అది కారణాన్ని కొలవదు, మంచి భార్య అనిపించుకోవాలన్న కోరికను కొలుస్తుంది. ధర్మం తీసేసి, ఆ ధర్మం కింద నలిగే అసలు సంగతిని రాయండి: "వద్దంటే కోపం చేస్తడేమోనని", "కాదంటే ఇంకొకరి దిక్కు చూస్తడేమోనని." మగవాళ్ల కాగితంలో ఇవే వాక్యాలు "చేస్తదేమోనని", "చూస్తదేమోనని" అవుతాయి. మగవాళ్లకు ఈ భయాలు ఉండవనుకొని వాళ్ల కాగితంలో ఎగరగొట్టడం నేను ఒప్పుకోను. ఉందో లేదో జవాబులే చెబుతాయి.

తలవాక్యంలో, అంటే ప్రశ్నలన్నిటికీ పైన పెట్టే వాక్యంలో, "ఎందుకు" అనకండి. మన ఇళ్లలో ఆ మాట వినబడిందంటే ఏదో తప్పు జరిగిందని లెక్క. ఇలా మొదలుపెడితే నడుస్తుంది: "జంటలు కలవడం వెనుక రకరకాల ఉద్దేశాలు ఉంటాయని చాలామంది చెప్పారు. వాళ్లు చెప్పినవి కింద ఉన్నాయి. మీకు ఒక్కొక్కటి ఎంత తరచుగా ఉంటుందో గుర్తు పెట్టండి." దీనిపైన ఒక్క ముక్క రాస్తే చాలు, ఈ కాగితంలో కలవడం అంటే శారీరకంగా కలవడమని.

జవాబు గళ్లు

1932లో రెన్సిస్ లికర్ట్ అంగీకారాన్ని మెట్లుగా కొలిచే పద్ధతి తెచ్చాడు. ఇప్పుడు సర్వే అంటే చాలు, "పూర్తిగా ఒప్పుకుంటాను, ఒప్పుకోను" గళ్లు చేతికి వచ్చేస్తాయి. ఇక్కడ అది వద్దు. "కోపం చేస్తడేమోనని" అన్నదానికి ఒప్పుకుంటాను అంటే, లోకంలో మగవాళ్లు కోపం చేస్తారన్న అభిప్రాయానికి ఒప్పుకున్నట్టా, తనకు జరిగిందని చెప్పినట్టా? తేలదు. కూపర్ కొలతలో కూడా అడిగేది ఎంత తరచుగా అనే, ఒకటి నుంచి ఐదు దాకా. మన గళ్లు ఇలా పెట్టుకుందాం:

1 ఎన్నడూ లేదు
2 ఎప్పుడో ఒకసారి
3 అప్పుడప్పుడు
4 చానాసార్లు
5 కలిసినప్పుడల్లా

"ఎన్నడూ లేదు" అన్నది ముందు ఉండాలి. సిగ్గుపడేవాళ్లు మొదటి గడి పట్టుకొని ఊపిరి పీల్చుకుంటారు, రెండు మూడు వాక్యాలు గడిచాక కుడివైపు నడుస్తారు. దగ్గరితనం వాక్యంతో మొదలుపెట్టండి, భయాల వాక్యాలు నడుమ రావాలి. ఒకే కారణం వాక్యాలు పక్కపక్కన పడితే మొదటిదానికి వేసిన అంకెనే కిందిదాకా లాగేస్తారు, కాబట్టి వేర్వేరు కారణాల వాక్యాలను కలగలిపి పెట్టండి.

ఎప్పటి లెక్క అన్నది కూడా చెప్పాలి. ఇంగ్లీషు ప్రశ్నావళులు చూసి "గత మూడు నెలల్లో" అని రాసేవాళ్లు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఒక్కసారి పోయి రావాలి. భర్త దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో ఉంటాడు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు మీద వస్తాడు. ఆమె కాగితంలో అన్నిటికీ "ఎన్నడూ లేదు" వస్తే, కారణాలు లేవని కాదు, మనిషే ఇంట్లో లేడు. ఇలాంటి ఊళ్లలో "ఆయన ఆఖరిసారి ఇంట్లో ఉన్నన్ని రోజుల్లో" అని అడగాలి. పైగా ఆ సెలవు రోజులకు వాటి సొంత కారణాలు ఉంటాయి: మళ్లీ ఎప్పుడొస్తాడో అన్న ఆత్రం, పోయేలోపు గర్భం నిలవాలన్న తొందర, ఇన్నాళ్ల ఎడం పోవాలన్న ఆశ. గల్ఫ్ ఇళ్లలో సేకరించిన చీటీలు వేరే కట్టగా కట్టుకోండి. గోదావరిఖనిలో ఫస్ట్ షిఫ్టు, నైట్ షిఫ్టు మారుతూ పనిచేసే సింగరేణి కార్మికుల ఇళ్లలో ఎడం చిన్నదే. అక్కడ "గత నెల" అంటే చాలు.

ఎవరు అడగాలి, ఎక్కడ

కొలత ఎంత బాగున్నా ఇక్కడ చెడిపోతుంది. మన దగ్గర ఇద్దరు కొత్తవాళ్లు కూచుంటే "మీది ఏ ఊరు, ఇంటిపేరేంది" అని మొదలై, రెండు నిమిషాల్లో మేనత్త మరిది కొడుకు దగ్గర కలుస్తారు. వేరే పనిలో అది వరమే, ఈ పనిలో చుట్టరికం దొరికిన క్షణాన నోరు మూతపడుతుంది. నర్సంపేటలో అడిగేవాళ్లు నర్సంపేట మండలం వాళ్లు కాకూడదు. ఆడవాళ్లను ఆడవాళ్లే, మగవాళ్లను మగవాళ్లే. ఇంట్లో వద్దు. అత్త చాయ్ తెచ్చి ఇచ్చి అక్కడే గుమ్మానికి ఆనుకొని నిలబడితే మీరు పొమ్మనలేరు. అంగన్‌వాడీ గదిలో పిల్లలు వెళ్లిపోయాక, ఆరోగ్య కేంద్రంలో పక్క గదిలో, కాలేజీలో ఖాళీ తరగతిలో అయితే మేలు.

చదువుకున్నవాళ్ల చేతికి కాగితం, కవరు ఇచ్చి మీరు బయటికి వచ్చేయండి. పేరు, ఫోన్ నంబరు, ఇంటి నంబరు ఏదీ అడగకండి. నింపిన కవరు తాళం వేసిన డబ్బాలో వాళ్లే వేసుకోవాలి. చదవలేనివాళ్లకు ఫోన్‌లో వాక్యాలు మన యాసలోనే రికార్డు చేసి, ఇయర్‌ఫోన్లు పెట్టి, ఐదు రంగుల బటన్లు చూపించవచ్చు. ప్రశ్న ఏమిటో పక్కనున్నవాళ్లకు వినబడదు, జవాబు ఏమిటో మీకు కూడా కనబడదు. ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. 1998లో సైన్స్ పత్రికలో టర్నర్, ఆయన సహచరులు అమెరికాలో 15–19 ఏళ్ల అబ్బాయిల సర్వే ఫలితాలు అచ్చువేశారు. కాగితం మీద జవాబిచ్చినవాళ్లకన్నా ఇయర్‌ఫోన్లు, కంప్యూటర్ మీద జవాబిచ్చినవాళ్లు దాచుకునే సంగతులను కొన్ని విషయాల్లో రెట్లకు రెట్లు ఎక్కువగా ఒప్పుకున్నారు.

మన పనిలో మాత్రం పద్దెనిమిది నిండనివాళ్లు ఒక్కరు కూడా ఉండకూడదు. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే 2012 పోక్సో చట్టం ప్రకారం ఆ వయసువాళ్ల మీద నేరం జరిగిందని తెలిస్తే చెప్పి తీరాలి. పేరు బయటపడదని మీరు ఇచ్చిన మాట అక్కడ చెల్లదు. పెద్దవాళ్లతో అయినా సరే, మీ కాలేజీ నైతిక కమిటీ సంతకం రాకముందు ఒక్క కవరు కూడా పంచకండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు కమిటీ ఆఫీసులో అడిగితే ఇస్తారు, చదవండి. ఈ విడత మీరు చేసేది వాక్యాలు సరిచూసుకునే అభ్యాసం మాత్రమే.

ఇంకో సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. "కాదంటే కొడతడు" అని చీటీ వస్తే దాన్ని భాగస్వామి మెప్పు కుప్పలో వేయకూడదు. కారణం అనేది ఔననో కాదనో అనగలిగే చోట ఉంటుంది. బలవంతం ఉన్నచోట ఎంపికే లేదు, అలాంటప్పుడు దాన్ని ఉద్దేశం కింద లెక్కపెడితే హింసకు మనమే మెత్తని పేరు పెట్టినట్టవుతుంది. 2005 గృహహింస చట్టం లైంగిక వేధింపును కూడా గృహహింసగానే చూస్తుంది. బలవంతం గురించి కాగితం చివర వేరే ప్రశ్న ఉండాలి, దాని కింద మహిళా హెల్ప్‌లైన్ 181, హింసకు గురైన ఆడవాళ్లకు సాయపడే జిల్లా సఖి కేంద్రం వివరాలు. అందరి కాగితంలోనూ ఉండాలి, ఆ గడి నింపినవాళ్లకు మాత్రమే కాదు.

మొదటి అంకెలు

ముందు అంకెలు కాదు, చెవులు. ముగ్గురు నలుగురికి ఒక్కో వాక్యం చదివి వినిపించి, "ఇది మీకేమర్థమైంది, మీ మాటల్లో చెప్పండి" అనండి. అంకె అడగకండి. "నమ్మకం రావాలని" అని మీరు రాసింది తన అందం మీద నమ్మకం గురించి అయితే, వినేవాళ్లు భర్త మీద నమ్మకం అనుకోవచ్చు. అప్పుడు వాక్యం మార్చాల్సింది మీరే: "నేనింకా మంచిగ కనబడుతున్ననని అనిపించాలని." ఇంగ్లీషు నుంచి తెచ్చిన వాక్యమైతే తెలుగు చేసినవారు కాక మరొకరు దాన్ని చూడకుండా తిరిగి ఇంగ్లీషు చేయాలి. 1970లో బ్రిస్లిన్ చెప్పిన ఈ పద్ధతి మంచిదే, అయితే అది అర్థం తప్పిందో లేదో చెబుతుంది. ఊళ్లో ఎవరైనా అలా అంటారా అన్నది చెప్పదు.

వాక్యాలు కుదిరాక మార్కులు. ఒక కారణం కింద నాలుగు వాక్యాలకు వేసిన అంకెలు కూడి నాలుగుతో భాగించాలి. ఊహించుకోండి: ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరూ వారానికి రెండుసార్లు అని చెప్పినవాళ్లే. దగ్గరితనానికి ఇద్దరూ 4, 5, 4, 3 వేశారు, అంటే 4.0. భాగస్వామి మెప్పుకు మొదటామె 1, 1, 2, 1 వేసింది, 1.25. రెండో ఆమె 4, 4, 5, 3 వేసింది, 4.0. ఎన్నిసార్లు అన్న లెక్కలో వీళ్లిద్దరూ ఒకటే వరుస. రెండో ఆమెకు ప్రేమా ఉంది, భయమూ ఉంది. ఒకటి ఉంటే ఇంకొకటి ఉండదనుకోవడం మన తొందర. ఇంపెట్, పెప్లో, గేబుల్ అనే పరిశోధకులు 2005లో ప్రేమ బంధంలో ఉన్న కాలేజీ విద్యార్థుల రోజువారీ డైరీలు చూసి రాశారు. ఏదో మంచి కోసం కలిసిన రోజుల్లో సంతోషం, బంధం మీద తృప్తి ఎక్కువ కనిపించాయి. చెడు తప్పించుకోవడానికి కలిసిన రోజుల్లో దిగులు, గొడవలు ఎక్కువ. అందుకే అన్ని కారణాలూ కలిపి ఒక్క మొత్తం వేయవద్దు. ప్రేమనూ భయాన్నీ కూడితే వచ్చే అంకెకు అర్థం లేదు.

ఒక కారణం కింది వాక్యాలు ఒకే సంగతి చెబుతున్నాయా అన్నది చూడటానికి 1951లో క్రాన్‌బాక్ ఇచ్చిన ఆల్ఫా ఉంది. సాఫ్ట్‌వేర్ క్షణంలో చెబుతుంది కానీ ఒక్కసారి చేత్తో చేయండి. బాధ మరుపుకు మూడు వాక్యాలు, ఐదుగురు మనుషులు, అంకెలు నేను కల్పించినవి:

మొదటివారు 1, 2, 1
రెండోవారు 3, 3, 2
మూడోవారు 4, 5, 4
నాలుగోవారు 2, 2, 3
ఐదోవారు 5, 4, 4

ఒక్కో వాక్యానికి అంకెల చెదురు, అంటే విస్తృతి లెక్కించండి. సగటు నుంచి ఎంత దూరమో చూసి, వర్గం చేసి, కూడి, నాలుగుతో భాగించాలి (మనుషుల సంఖ్యలో ఒకటి తక్కువ). మొదటి వాక్యానికి 2.5, రెండోదానికి 1.7, మూడోదానికి 1.7. మొత్తం 5.9. ఇప్పుడు మనిషి మనిషికీ మూడు అంకెలు కూడితే 4, 8, 13, 7, 13. వీటి విస్తృతి 15.5. 5.9ని 15.5తో భాగిస్తే 0.38, దాన్ని ఒకటి లోంచి తీస్తే 0.62. మూడు వాక్యాలు కాబట్టి మూడును రెండుతో (వాక్యాల సంఖ్యలో ఒకటి తక్కువ) భాగించి, అంటే ఒకటిన్నరతో, గుణించండి. 0.93.

0.7 దాటితే చాలునని పుస్తకాల్లో వాడుక. 0.93 చూసి చంకలు గుద్దుకోకండి. మూడు వాక్యాలకే అంత వచ్చిందంటే, ఒకే మాటను మూడుసార్లు అడిగారేమోనని అనుమానించాలి. రంది, దిగులు, మనసు బాగలేకపోవడం అని రాసి ఉంటారు. అలాంటప్పుడు ఒకదాన్ని తీసేసి ఒంటరితనం వాక్యాన్ని తెచ్చి పెట్టండి, ఆల్ఫా కొంచెం పడినా ఫరవాలేదు. ఐదుగురి అంకెలు లెక్క నేర్చుకోవడానికే. కారణాలు నిజంగా ఏ గుంపులుగా విడిపడతాయో తేల్చే ఫాక్టర్ విశ్లేషణకు మనుషులు వందల్లో కావాలి, అది వచ్చే పాఠం.

ఈలోపు చేయాల్సింది: మీ చీటీల్లోంచి ఒక్కో కారణానికి నాలుగు వాక్యాలు. పిల్లల మీద ఆశ, పిల్లల గురించి మాట పడటం వేర్వేరుగా ఉండాలి. వాక్యం పక్కన దాని మూల చీటీ కూడా అంటించండి, ఏ మాట ఎక్కడ మారిందో కనబడాలి. ఆడవాళ్ల కాగితం, మగవాళ్ల కాగితం విడివిడిగా రాయండి. ముగ్గురికి చదివి వినిపించి వాళ్లు తిరిగి చెప్పిన మాటలు వెనక రాయండి, పేర్లు లేకుండా. ఎవరైనా ఒక వాక్యం విని నవ్వితే, ఆ వాక్యం ముందు చిన్న గుర్తు పెట్టుకోండి. వాటితోనే నాలుగో పాఠం మొదలుపెడదాం.